నాగినికి ఆధార్ అడగరు

రాత్రి ఎనిమిదిన్నరైతే కడపలో మా ఇంట్లో ఎవరూ నోరు తెరవకూడదు. అవ్వ నాగిని చూస్తుంటుంది. 2015లో ముంబైవాళ్లు హిందీలో మొదలుపెట్టిన పాముల కథ అది. తెలుగు డబ్బింగులో ఆమె ఎన్నోసారి చూస్తోందో లెక్కలేదు. పక్కన కూర్చుని కూర్చుని నాకూ జ్ఞానోదయమైంది. కాలక్షేపం అనుకుని వదిలేశాం గానీ, కలెక్టరాఫీసులో అన్ని శాఖలవాళ్లనూ కూర్చోబెట్టి చూపించాల్సిన సీరియల్ ఇది.

మొదటి సీజన్లో, నాగమణి కోసం తన తల్లిదండ్రులను చంపినవాళ్ల ఇంటికే శివన్య కోడలై చేరుతుంది. గోత్రం ఏమని అడిగినవాడు లేడు. ఆధార్ సంగతి సరేసరి. పూటకో రూపం మార్చే పాముకు ఏ గడపా అడ్డం లేదు. డెబ్బై ఏళ్లుగా ఒకే రూపంలో ఉన్న మా అవ్వకు మాత్రం స్టోరు బియ్యం దగ్గర వేలిముద్ర పడదు. శెనక్కాయలు ఒలిచి ఒలిచి గీతలు అరిగిపోయాయి. "ఇంకోసారి గట్టిగా నొక్కవ్వా" అంటాడు డీలరు. మూడుసార్లు నొక్కి, ఉత్త సంచితో ఇంటికొచ్చి, పాము మనిషయ్యే సీను కన్నార్పకుండా చూస్తుంది. ఆ కిటుకు పట్టుకుందామని కాబోలు.

ఇక పగ. పగ అనగానే సినిమావాళ్లు మా సీమకు సుమోలు పంపిస్తారు. అదే పగ నాగిని పడితే పట్టుచీర, ఒంటినిండా నగలు. అయితే కోరల్లో అంత విషమున్నా పాపం, అత్తగారి వంటిల్లు మాత్రం తప్పలేదు.

తీరని కోరికతో మళ్లీ మళ్లీ పుట్టడమంటారా, అది మా జిల్లాకు కొత్త కాదు. ఉక్కు ఫ్యాక్టరీకి 2007లో జమ్మలమడుగు దగ్గర శంకుస్థాపన. ఆరు నెలల్లో సాధ్యాసాధ్యాలు తేల్చాలని 2014 విభజన చట్టంలో ఒక రాత. 2018 డిసెంబరులో కంబాలదిన్నెలో ఒక రాయి, దాదాపు ఏడాదికి సున్నపురాళ్లపల్లెలో మరో రాయి. 2023 ఫిబ్రవరిలో అదే ఊళ్లో మళ్లీ భూమిపూజ. నాగిని కూడా సీజన్లు మారేకొద్దీ కొత్త మొహాలతో వస్తుంది. కాకపోతే వచ్చిన పని ముగించుకుని పోతుంది.

ఈ మాటే అవ్వతో అన్నాను, యాడ్స్ వచ్చినప్పుడు.

"ఆ రాళ్లు పాతిన కాడ ఇప్పుడేముండాదిరా?"

"ఏముంటాదవ్వా, కంపచెట్లు."

"అయితే పాములుంటాయిలే" అని రిమోట్ తీసుకుని సౌండు పెంచింది.