మూడో అంశాన్ని మాత్రం ఎవరికీ పంపకండి

"కొత్త మియాటా: కంపెనీ దాచిన ఏడు చేదు నిజాలు" అన్న సందేశం ఈ నెలలో నాకు రావడం ఇది తొమ్మిదోసారి. మియాటా అంటే మాజ్డా కంపెనీ చేసే రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు. పంపినవాళ్లందరూ నాకు కావలసినవాళ్లే కాబట్టి ఎనిమిదిసార్లు చదివి ఊరుకున్నాను. తొమ్మిదోసారి పంపింది నా మిత్రుడి తమ్ముడు. లైసెన్సు చేతికొచ్చి ఏడాది కూడా కాలేదు. పోయిన వారమే సెకండ్ హ్యాండ్ ఎన్‌డీ, అంటే నాలుగో తరం మియాటా ఒకటి కొన్నాడు. సందేశం కింద ఇలా రాశాడు: "మూడో పాయింట్ చాలా నచ్చింది అన్నా, రేపటి నుంచి నేనూ అలాగే నడుపుతాను." ఆ ఒక్క వాక్యం చూశాక ఇది రాయక తప్పలేదు.

సందేశం చెప్పేదేమిటంటే, 1989లో వచ్చిన మొదటి తరమే అసలైన కారట. తరువాత మాజ్డా దాన్ని మార్చిన ప్రతిసారీ లావు చేసిందట, పిరికిది చేసిందట, చివరికి ఎలక్ట్రానిక్స్‌తో ప్రాణం తీసిందట. రాబోయే తరం ఇంకా ఘోరంగా ఉండబోతోందట.

చిన్నవి ముందు తేల్చేస్తాను. మొదటి అంశం, పైకి లేచే హెడ్‌లైట్లు తీసేయడం ద్రోహమని. అవి పోయింది 1998లో, రెండో తరంతో. వాటి మోటార్లు, మడిచే కీళ్లు అదనపు బరువు; పాదచారులను ఢీకొన్నప్పుడు గాయాలు పెంచే నిర్మాణం. నాకూ అవి ఇష్టమే, కానీ ఇంతకాలం గడిచాక దీన్ని కొత్త కారు మీద నేరంగా మోపడం అన్యాయం. ఏడో అంశం, ఆటోమేటిక్ గేర్లు కూడా అమ్ముతున్నారు కాబట్టి ఇది స్పోర్ట్స్ కారే కాదని. మాన్యువల్ గేర్‌బాక్స్ పక్కనే ఉంది, అది కొనుక్కోండి.

రెండో అంశం బరువు. "ప్రతి తరం ముందుదానికంటే బరువెక్కింది" అని రాశారు. ఇది అబద్ధం, అంకెలు చూస్తే వెంటనే తెలిసిపోయే అబద్ధం. జపాన్‌లో యూనోస్ రోడ్‌స్టర్ పేరుతో వచ్చిన తొలి బేస్ మోడల్ బరువు 940 కిలోలు. మూడో తరం వచ్చేసరికి అది 1,100 దగ్గరికి చేరింది. అక్కడే ఆగిపోయి ఉంటే సందేశం నిజమయ్యేది. 2015లో వచ్చిన నాలుగో తరం జపాన్ బేస్ మోడల్ 990 కిలోలకు దిగింది. పొడవు 3,915 మిల్లీమీటర్లు, అంటే మొదటి తరం కంటే కూడా పొట్టి. పాతికేళ్లలో చేరిన ఎయిర్‌బ్యాగులు, ఢీకొన్నప్పుడు తట్టుకునే గట్టి చట్రం, ఉద్గార నియంత్రణ పరికరాలు అన్నీ కలుపుకుని కేవలం 50 కిలోల తేడా. బానెట్, డిక్కీ మూత, ముందు ఫెండర్లు అల్యూమినియంతో చేశారు. గ్రాము గ్రాము లెక్కపెట్టి తీసేశారు. కార్లన్నీ ఉబ్బిపోతున్న కాలంలో ఒక కారును వెనక్కి సన్నబరచిన ఇంజినీర్లు వాళ్లు. వాళ్లనే "లావు చేసినవాళ్లు" అని తిట్టడం చూస్తే నాకు నిజంగా బాధగా ఉంది.

ఇక మూడోది. సందేశంలో ఉన్నది ఉన్నట్టు ఇస్తున్నాను: "స్టెబిలిటీ కంట్రోల్ చేతకానివాళ్ల ఊతకర్ర. కారు తీసుకున్న రోజే ఆ బటన్ నొక్కి ఆపేయండి. వానలో నడపండి. కారు వెనక భాగం జారినప్పుడే డ్రైవింగ్ వస్తుంది. రేసర్లెవరూ దాన్ని వాడరు."

ఇది రాసినవారికి, కారు అదుపు తప్పకుండా చూసే ఆ వ్యవస్థ ఏం చేస్తుందో తెలియదు. తెలిసీ రాసి ఉంటే అది ఇంకా పెద్ద తప్పు.

వాన పడుతోంది, మీరు మలుపులో ఉన్నారు, వేగం కాస్త ఎక్కువైందని అనిపించింది. కొత్త డ్రైవరు చేసే మొదటి పని యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేయడం. ఆ క్షణంలో బరువు ముందు చక్రాల మీదికి జరుగుతుంది, వెనక టైర్లు తేలికై పట్టు కోల్పోతాయి, వెనక భాగం పక్కకు తిరగడం మొదలుపెడుతుంది. భయపడి బ్రేకు తొక్కితే బరువు ఇంకా ముందుకు పోతుంది, వెనక పట్టు ఇంకా తగ్గుతుంది. ఎన్‌డీ ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరం 2,310 మిల్లీమీటర్లు. ఇంత పొట్టి కారు తిరగడం మొదలుపెడితే గిర్రున తిరుగుతుంది. ఆలోచించుకునే వ్యవధి ఉండదు.

స్టెబిలిటీ కంట్రోల్ మూడు విషయాలను గమనిస్తూ ఉంటుంది: మీరు స్టీరింగ్ ఎంత తిప్పారు, కారు నిజంగా ఎంత వేగంగా తిరుగుతోంది, ఒక్కో చక్రం ఏ వేగంతో ఉంది. మీరు అడిగినదానికంటే కారు ఎక్కువగా తిరుగుతుంటే, మలుపుకు బయటివైపు ఉన్న ముందు చక్రానికి మాత్రమే బ్రేకు వేసి వెనక భాగాన్ని దారికి తెస్తుంది. ఒక్క చక్రానికి మాత్రమే! మీ కాలి కింద ఉన్న బ్రేకు పెడల్ ఒకటే, అది నాలుగు చక్రాలకూ పనిచేస్తుంది. ప్రపంచ చాంపియన్ అయినా తన కాలితో ఒక్క చక్రాన్ని ఎంచుకుని ఆపలేడు. చేతకాని మనిషికి ఇచ్చిన ఊతకర్ర అంటారా దీన్ని? ఏ మనిషికీ సాధ్యం కాని పని చేస్తోంది అది.

అమెరికాలో బీమా కంపెనీల నిధులతో నడిచే ఐఐహెచ్‌ఎస్ అధ్యయనాల ప్రకారం, ఒకే వాహనం అదుపు తప్పి జరిగే ప్రాణాంతక ప్రమాదాల ముప్పును ఈ వ్యవస్థ దాదాపు సగానికి తగ్గిస్తుంది. అందుకే అమెరికా 2012 మోడల్ ఏడాది నుంచి, యూరప్ 2014 నవంబరు నుంచి కొత్త కార్లన్నిటికీ దీన్ని తప్పనిసరి చేశాయి.

రేసర్లు వాడరట! రేసు ట్రాక్ మీద జారిన కారు ఆగడానికి పక్కన ఖాళీ నేల ఉంటుంది. ఎదురుగా లారీ రాదు. డ్రైవరుకు హెల్మెట్, ఒంటిని సీటుకు కట్టేసే పట్టీలు, చుట్టూ ఇనుప పంజరం ఉంటాయి. పక్కనే అంబులెన్సు సిద్ధంగా ఉంటుంది. ఇవన్నీ మీ వీధిలో ఉంటే ఆ బటన్ నొక్కండి.

ఇలాంటి సలహా విన్న మనిషిని నేను ఆసుపత్రిలో చూశాను. చాలా ఏళ్ల క్రితం మాట, కారు ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం. అదీ వెనక చక్రాలతో నడిచేదే, రెండు సీట్లదే. ఆ మనిషి నా మిత్రుడే, వానలో ఆ బటన్ నొక్కాడు. మలుపులో కాలు తీశాడు. రోడ్డు పక్క కమ్మీకి కారు అడ్డంగా తగిలింది. మెడ కింది ఎముక విరిగింది. పెద్ద వేగం కూడా కాదు, యాభై దాటలేదని తరువాత చెప్పాడు. ఆ రోజు ఎదురుగా ఏ వాహనమూ రాలేదు కాబట్టి ఈ మాట చెప్పడానికి అతను మిగిలాడు.

జారే కారును అదుపు చేయడం నేర్చుకోవాలన్న కోరికను నేను తప్పుపట్టను. నేర్చుకోండి, ట్రాక్ మీద, నేర్పేవారు పక్కన ఉండగా. తయారుచేసినవాళ్లు కూడా ఈ కోరికను గౌరవించారు. 2024 మార్పుల్లో మాన్యువల్ కార్లకు ట్రాక్ కోసం ప్రత్యేక అమరిక ఇచ్చారు. కారు కొంత జారనిస్తుంది, పూర్తిగా తిరిగిపోయే ప్రమాదం వచ్చినప్పుడే కల్పించుకుంటుంది. ఇంత ఓపికగా ఆలోచించి చేసిన పనిని "ఎలక్ట్రానిక్స్ చంపేశాయి" అని ఒక్క ముక్కలో కొట్టేశారు.

నాలుగో అంశం, శక్తి చాలదని, టర్బో పెట్టాల్సిందని. 2018లో మెరుగుపరచిన రెండు లీటర్ల ఇంజిన్ అమెరికా లెక్కలో 181 హార్స్‌పవర్ ఇస్తుంది, 7,500 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) వరకు ఎగబాకుతుంది. 1989లో వచ్చిన తొలి కారుకు అదే లెక్కలో ఉన్నది 120 లోపే. "అసలైన కారు" అని పొగిడినదానికి ఆ శక్తి చాలినప్పుడు దీనికి ఎందుకు చాలదు? టర్బో కావాలన్నవాళ్లకు ఇదే చట్రం మీద ఫియట్ 124 స్పైడర్ వచ్చింది, 1.4 లీటర్ల టర్బోతో. కొన్నేళ్లకే ఆగిపోయింది. టర్బో వల్లే ఆగిందని నేను అనను, కానీ ఇంత గట్టిగా టర్బో అడిగినవాళ్లు అప్పుడు దాన్ని ఎందుకు కొనలేదో చెప్పాలి. టొయోటా వాళ్ల చిన్న స్పోర్ట్స్ కారు 86 విషయంలోనూ ఇదే గోల జరిగింది. 2021లో కొత్త రూపం ఇచ్చినప్పుడు వాళ్లు టర్బో పెట్టలేదు, ఇంజిన్‌ను 2.4 లీటర్లకు పెంచారు. టార్క్, అంటే చక్రాలను తిప్పే బలం, 205 నుంచి 250 న్యూటన్ మీటర్లకు పెరిగింది, అదీ 3,700 ఆర్‌పీఎం దగ్గరే అందుతోంది. కారు బరువు మాత్రం దాదాపు అలాగే ఉంది. మంచి దారి అది.

ఐదో అంశం దగ్గర నేను ఆగాను. "ఎలక్ట్రిక్ స్టీరింగ్ వచ్చాక రోడ్డు చేతికి తెలియడం లేదు" అని రాశారు. ఇది నిజం. ఎన్‌డీకి ముందు మూడు తరాల్లో ఎలక్ట్రిక్ స్టీరింగ్ లేదు. మొదటి తరం స్టీరింగ్ పట్టుకుంటే రోడ్డు మీది చిన్న గరుకు కూడా వేళ్లకు చేరేది. తొలి ఎన్‌డీలో నాకది దొరకలేదు. ఎవరైనా అడిగితే "బాగానే ఉంది" అంటూ ఇన్నాళ్లు ఈ కారును వెనకేసుకొచ్చాను. అది సరికాదు. 2024లో స్టీరింగ్ ర్యాక్‌లో రాపిడి తగ్గించి, సాఫ్ట్‌వేర్ మార్చి దిద్దుకున్నారంటే లోపం ఉందని వాళ్లూ ఒప్పుకున్నట్టే. సందేశం రాసినవారు ఈ ఒక్కటీ సరిగ్గా పట్టుకున్నారు.

ఆరో అంశంలో ఎర్ర కారు ఫొటో పెట్టి "ఇదే రాబోయే మియాటా" అన్నారు. అది ఐకానిక్ ఎస్‌పీ, 2023లో టోక్యో ప్రదర్శనలో పెట్టిన నమూనా. రెండు రోటర్ల ఇంజిన్ విద్యుత్తు తయారుచేస్తుంది, 370 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) శక్తి, 1,450 కిలోల బరువు, పొడవు 4,180 మిల్లీమీటర్లు. మియాటా కంటే ఒక సైజు పెద్ద కారు అది. దాని ముఖం చూసి ముచ్చటపడవచ్చు, దాని బరువును తెచ్చి మియాటాకు అంటగట్టకూడదు.

కానీ ఆ ఫొటో వెనక ఉన్న భయం నాకూ ఉంది. 2030 నాటికి తమ కార్లన్నిటికీ ఏదో ఒక రూపంలో విద్యుదీకరణ ఉంటుందని మాజ్డా 2021లోనే ప్రకటించింది. 40 కిలోవాట్ అవర్ల నిస్సాన్ లీఫ్ బ్యాటరీ ఒక్కటే సుమారు 300 కిలోలు. గ్రాములు లెక్కపెట్టి దించిన కారులోకి అలాంటిది ఎక్కిస్తే పాతికేళ్ల శ్రమ ఒక్క దెబ్బతో పోతుంది. కొత్త తరం తెర తీసిన రోజు నేను హెడ్‌లైట్లు చూడను, హార్స్‌పవర్ చూడను, ముందు బరువు అంకె వెతుకుతాను. అది 1,100 దాటి ఉంటే ఈ సందేశాన్ని మీ అందరికీ నేనే పంపుతాను, మూడో అంశం తీసేసి.

తమ్ముడూ, నువ్వు మాత్రం ఆ బటన్ జోలికి వెళ్లకు. ముందు టైర్ల వయసు చూడు, ఆరేళ్లు దాటితే మార్పించు. ట్రాక్ మీదికి వెళ్లే రోజున నేనూ వస్తాను.