ఈ సలహా ఎవరికి?

ఎండలు ముదిరాయి, మధ్యాహ్నం పూట ఎవరూ బయటికి రావద్దంటూ ప్రకాశం, నెల్లూరు జిల్లాల అధికారులు ఏటా ఇచ్చే ప్రకటన ఈసారీ ఇచ్చారు. ఏసీ గదిలో కూర్చుని ఆ మాట చెప్పడం తేలికే. ప్రకాశం జిల్లా చీమకుర్తి గ్రానైట్ క్వారీలో రాయి కోసే కూలీ ఆ వేళ ఎక్కడ తలదాచుకోవాలి?

నల్లరాయి ఎండను పీల్చుకుంటుంది, లోతు గుంతలో గాలి ఆడదు. వాతావరణ కేంద్రంలో నమోదయ్యే ఉష్ణోగ్రత వేరు, అక్కడ ఒంటికి తగిలే సెగ వేరు. నెల్లూరు తీరంలోనైతే ఉక్కపోతకు చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. తల తిరగడం, వాంతులు, పిక్కలు పట్టేయడం మొదలైనప్పుడే నీడకు చేరి ఓఆర్‌ఎస్ తాగితే మనిషి తేరుకుంటాడు. అది దాటి శరీర ఉష్ణోగ్రత 40 డిగ్రీలు మించి, మాట తడబడిందంటే ప్రాణం మీదికి వచ్చినట్టే. అంబులెన్స్ వచ్చేలోపే ఒంటిని తడిపి చల్లార్చాలి. కానీ తల తిరిగిందని కూర్చుంటే పూట కూలి కోసేసే చోట ఎవరు కూర్చుంటారు?

పని ఆపితే కూలీలకూ నష్టమేనని, ఆర్డర్లు ఆగిపోతాయని యజమానులు అంటున్నారు. పని ఆపమని ఎవరూ అడగడం లేదు, తెల్లవారుజామునే మొదలుపెట్టి ఎండ ముదిరేలోపు ముగించమంటున్నాం. బడులకు ఒంటిపూట పెట్టగలిగిన ప్రభుత్వం క్వారీలకు ఎందుకు పెట్టలేదు? గనుల భద్రతను కేంద్ర ప్రభుత్వం చూసుకోవాలని ఒకరు, కార్మిక శాఖ చూసుకోవాలని మరొకరు తప్పించుకోవడానికేనా ఇన్ని శాఖలు?

2015 మే నెల ఎండలకు రాష్ట్రంలో వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఎక్కువ మందిని పోగొట్టుకున్న జిల్లాల్లో ప్రకాశం ఒకటి. ఆ తర్వాతైనా మారిందేమిటి? అదే సలహా, అవే కరపత్రాలు, రిబ్బన్ కత్తిరించి ఫొటో దిగే చలివేంద్రాలు. (వారం తర్వాత ఆ కుండలో నీళ్లుంటే గొప్పే.) పనిలో కుప్పకూలిన కూలీది గుండెపోటని రాసేస్తే వడదెబ్బ లెక్క తగ్గుతుంది, పరిహారం అడిగేవారూ ఉండరు. బయటికి రావద్దని చెప్పాం కదా, వినలేదని చేతులు దులుపుకోవడానికే ఈ ప్రకటనలు పనికొస్తున్నాయి.

పని వేళలు మారుస్తూ ఉత్తర్వు ఇవ్వండి, పాటించని క్వారీకి జరిమానా వేయండి. అది చేతకాకపోతే మధ్యాహ్నం రెండు గంటలకు చీమకుర్తి గుంతలోకి దిగి, కూలీల ముందు నిలబడి ఆ ప్రకటన చదివి వినిపించండి.