ఆ నవ్వు ఇంకా చెవుల్లోనే ఉంది
బరంపురం నుంచి పర్లాకిమిడి బస్సు. వెనక సీట్లన్నీ ఖాళీ, అయినా ఒకడు వచ్చి నన్ను ఆనుకునే కూర్చుంటాడు. లేచి నిలబడాల్సింది నేనా? ఆఫీసులో నేను చెప్పిన మాటే మగవాడు చెబితే అందరూ తలూపుతారు. గట్టిగా అడిగితే "ఆడపిల్లకి ఇంత నోరేంటి?" తెలుగులోనూ అదే, ఒడియాలోనూ అదే! "వదిలెయ్యమ్మా" అంటుంది అమ్మ. ఎలా వదలను? రాత్రి రెండింటికి మెలకువ. అప్పుడు ఏమని బదులివ్వాల్సిందో మనసులో తిప్పుకుంటూ ఉంటాను. పొద్దున ఏ చున్నీ, ఏ బస్సు, ఏ దారి అని ఆలోచిస్తుంటేనే గుండెదడ. రోజూ ఇంత టెన్షన్ ఎందుకు పడాలి? పది మంది, అంతకు మించి పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులకు కమిటీ ఉండాలని 2013లోనే చట్టం వచ్చింది. మన దగ్గర ఉందా అని అడిగాను. నవ్వారు.