మూలపురుషుడు సరే, మరి ఆవిడెవరు?

ఇక్కడ దక్షిణాఫ్రికాలో ఆఫ్రికానర్లకు, అంటే పాతకాలం డచ్చి, జర్మన్, ఫ్రెంచి వలసదారుల సంతతికి, వంశవృక్షాల పిచ్చి బాగా ఉంది. వెక్కిరింపుగా అనడం లేదు, మనవాళ్ళకి జాతకాల పిచ్చి ఉన్నట్టే వాళ్ళకి ఇది. కాస్త చనువు ఏర్పడితే చాలు, మా మూలపురుషుడు ఫలానా ఊరివాడు, ఫలానా ఓడలో కేప్‌లో (ఇప్పటి కేప్‌టౌన్ దగ్గర) దిగాడు అని మొదలుపెడతారు, కాఫీ చల్లారిపోయేదాకా ఆగరు. దీనికి వాళ్ళకో పద్ధతి కూడా ఉంది. 19వ శతాబ్దం చివర్లో డివిలియర్స్ అనే ఆయన పాత కేప్ కుటుంబాల జాబితా వేశారు, తర్వాత పామా అనే ఆయన దాన్ని సవరించారు, ఇప్పుడు ఇక్కడ ఎవరు వంశవృక్షం రాసినా వాళ్ళిద్దరి లెక్కే. ఈ గడ్డ మీద మొదట దిగినవాడు ‘ఎ’. అతని పిల్లలు బి1, బి2, బి3. మనవలు సి. కాబట్టి ఒకాయన పేరు పక్కన ‘బి3 సి2 డి5’ అని ఉంటే, మూలపురుషుడి మూడో బిడ్డకు రెండో బిడ్డ, ఆ బిడ్డకు ఐదో బిడ్డ అని అర్థం. నాలుగో తరం అని ఒక్క చూపులో తెలిసిపోతుంది. లెక్కలంటే ఇష్టమున్న నాలాంటి వాళ్ళకి చూడముచ్చటగా ఉంటుంది, ఒప్పుకోవాల్సిందే.

కానీ ఆ పేజీని కాస్త దగ్గరగా చూడండి. కూతురికి కూడా అక్షరం, అంకె ఇస్తారు. పెళ్ళయ్యాక ఆమె గీత అక్కడితో ఆగిపోతుంది. ఆమె పిల్లలు కావాలంటే ఇంకో ఇంటిపేరు కింద, ఇంకో పుస్తకంలో వెతుక్కోవాలి. ఇక ‘ఎ’ గారి భార్యకి అక్షరమే లేదు. ‘ఫలానా ఆమెను పెళ్ళాడెను’ అని ఒక్క వాక్యం, అంతే.

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఇక్కడి మన తెలుగు సంఘం సావనీర్ కోసం కుటుంబ చరిత్రలు సేకరిస్తోంది, దానికి ఒక ఫారం పంపారు. మీకూ వచ్చే ఉంటుంది. ఇంటిపేరు, గోత్రం, స్వగ్రామం, తండ్రి, తాత, ముత్తాత, ‘ఈ దేశానికి మొదట వచ్చిన మూలపురుషుడు’. కిందకి మీదకి వెతికినా అమ్మ పుట్టింటివైపు ఒక్క గడి లేదు. మంచి పనే చేస్తున్నారు, కాదనను, కానీ ఈ ఫారం పద్ధతి తప్పు అని నా అభిప్రాయం. ఎందుకో చెప్పాలంటే మళ్ళీ కేప్ దగ్గరికే వెళ్ళాలి.

1652లో వాన్ రీబీక్ అనే డచ్చి అధికారి ఇక్కడ దిగింది ఊరు కట్టడానికి కాదు, డచ్ ఈస్టిండియా కంపెనీ ఓడలకు కూరగాయలు, మాంసం, మంచినీళ్ళు ఇవ్వడానికి. 1657లో కొంతమంది ఉద్యోగులను కొలువు నుంచి విడిపించి భూములిచ్చారు, సెట్లర్ కుటుంబాల కథ అక్కడ మొదలు. అంటే ‘ఎ’ గారు చాలా సందర్భాల్లో కంపెనీ జీతగాడు, సిపాయో నావికుడో. జీతగాడు కాబట్టి అతని ఊరు, జీతం, అప్పు, ఏ ఓడ ఎక్కాడు, ఎప్పుడు కొలువు మానేశాడు, అన్నీ ఖాతా పుస్తకాల్లో ఉంటాయి. 18వ శతాబ్దపు ఖాతాలైతే ఇంట్లో కూర్చుని కంప్యూటర్లో పేరు కొట్టి చూసుకోవచ్చు. మూలపురుషుడు తేలిగ్గా దొరుకుతున్నాడంటే అతను గొప్పవాడని కాదు, అతనికి జీతం ఇచ్చినవాళ్ళు లెక్క గట్టిగా రాసుకున్నారని.

ఆ రోజుల్లో యూరప్ నుంచి వచ్చిన ఆడవాళ్ళు బహు కొద్దిమంది. మరి ఈ జీతగాళ్ళు ఎవరితో కాపురం చేశారు? చాలామంది బానిస స్త్రీలతో, విడుదలైన బానిసలతో. వాళ్ళకి జీతం ఖాతా ఉండదు. వాళ్ళు కనబడేది అమ్మకం పత్రాల్లో, బాప్తిస్మం పుస్తకాల్లో, ఎవరో యజమాని చనిపోతే రాసిన ఆస్తి జాబితాలో గిన్నెలు, ఎద్దులు, మంచాలు, వాటితో పాటు.

పేరూ సొంతం కాదు. తెచ్చినవాళ్ళు పెట్టిన పేరు, దాని వెనక ఓడ ఎక్కించిన ప్రాంతం: ‘బెంగాల్ ఏంజెలా’, ‘తీరం నుంచి వచ్చిన అన్నా’. ఆ ‘తీరం’ ఏదనుకుంటున్నారు? మనదే, కోరమండల్ తీరం.

ఇక్కడ స్నేమన్ అనే ఇంటిపేరు వాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళ మూలపురుషుడు క్రిస్టఫెల్ స్నేమన్, 1669లో కేప్‌లో బాప్తిస్మం తీసుకున్న పసివాడు. తండ్రి హైడెల్‌బర్గ్ నుంచి వచ్చిన సిపాయి. తల్లి పేరు కాట్రైన్, రికార్డుల్లో ‘పెద్ద కాట్రైన్, పులికాట్ నుంచి’. అవును, మన ప్రళయకావేరి ఒడ్డునున్న పులికాటే. ఆవిడ బటావియాలో, అంటే ఇప్పటి జకార్తాలో బానిస. ప్రియుణ్ణి చంపిందన్న నేరం మీద మరణశిక్ష పడింది, తర్వాత దాన్ని కేప్‌కి ప్రవాస శిక్షగా మార్చి 1657లో ఇక్కడికి పంపారు. కోటలో బట్టలు ఉతికేది. సిపాయి వల్ల కొడుకు పుట్టాక, బెంగాల్ నుంచి బానిసగా వచ్చి స్వేచ్ఛ పొందిన ఆంథొనీ అనే అతన్ని పెళ్ళి చేసుకుంది. పిల్లవాడు పెరిగింది ఆ ఇంట్లో. పెద్దయ్యాక, 1690లో, ఆ పిల్లవాడు డి సావోయ్ అనే వర్తకుడి కూతురు మార్గెరీట్‌ని పెళ్ళాడాడు. మతం కోసం పారిపోయి వచ్చిన హ్యూగెనో (ఫ్రెంచి మాట్లాడే ప్రొటెస్టెంట్) శరణార్థుల్లో పేరున్న కుటుంబం అది.

ఇప్పుడు చెప్పండి, ఈ కుటుంబానికి ‘ఎ’ ఎవరు? ఇంటిపేరు మాత్రం ఇచ్చిన సిపాయా? ఆ ఇంటిపేరుతో మొదట సంసారం చేసిన క్రిస్టఫెలా? ఖైదీగా దిగి, కోటలో చాకిరీ చేసుకుంటూ బిడ్డను కన్న ఆవిడ మాత్రం లెక్కలోకి రాదట. నాకు మింగుడు పడదు.

కాట్రైన్ ఒక్కతే కాదు. బెంగాల్ ఏంజెలా అదే 1657లో వచ్చింది, వాన్ రీబీక్ ఇంట్లో బానిసగా పనిచేసింది, 1666లో పిల్లలతో సహా విడుదలైంది, 1669లో బాసన్ అనే అతన్ని పెళ్ళాడింది. 1720 దాకా బతికింది, ఆస్తి సంపాదించింది, తర్వాత తనూ బానిసలను కొనుక్కుంది (చరిత్ర మనం కోరుకున్నట్టు ఉండదు కదా). ఆవిడ కూతురు ఆన్నా, ఇవాళ టూరిస్టులు వైన్ తాగడానికి వెళ్ళే గ్రూట్ కాన్‌స్టాన్షియా ఎస్టేటుకి యజమానురాలైంది.

1652 నుంచి 1808 దాకా సుమారు 63,000 మంది బానిసలను కేప్‌కి తెచ్చారని చరిత్రకారుల అంచనా, అందులో నాలుగో వంతు మన ఉపఖండం నుంచి. 2020లో 77 మంది ఆఫ్రికానర్ల డీఎన్ఏ చూసిన అధ్యయనం ఒకటి వచ్చింది. వాళ్ళ వారసత్వంలో సగటున 4.7 శాతం యూరప్ బయటిది, అందులో దక్షిణాసియా వాటా అన్నిటికంటే ఎక్కువ. వర్ణవివక్ష రోజుల్లో ఈ దేశంలో ఏ పార్లమెంటులో ఏ చట్టాలు చేశారో గుర్తు చేసుకుని ఈ అంకె ఇంకోసారి చదవండి.

ఇక్కడ మనవాళ్ళకో హెచ్చరిక. ఈ కథ వినగానే కొందరికి ఉత్సాహం పొంగిపోతుంది, ‘అయితే కాట్రైన్ తెలుగావిడే, ఆఫ్రికానర్లకి మనమే అమ్మమ్మ తరఫు’ అని వాట్సాప్‌లో తిప్పేస్తారు. తొందరపడకండి. డచ్చివాళ్ళు పులికాట్‌లో 1613లో కోట కట్టారు, మచిలీపట్నం, పాలకొల్లు, ద్రాక్షారామం, భీమునిపట్నంలో, లోపలికి ఖమ్మం దగ్గర నాగులవంచలో కూడా కొఠీలు (వర్తక స్థావరాలు) పెట్టారు. బట్టల వ్యాపారం వాళ్ళ అసలు పని. కానీ కరువు వచ్చినప్పుడల్లా జనం తమను తాము అమ్ముకున్నారు, పిల్లలను అమ్ముకున్నారు, వాళ్ళను ఓడలెక్కించి బటావియాకి పంపారు. అరకాన్ (బర్మా పడమటి తీరం) వైపు నుంచి ఎత్తుకొచ్చిన బెంగాలీలను కూడా పులికాట్ రేవుకి చేర్చారు. అంటే పేరు వెనక ‘పులికాట్’ ఉంటే ఆవిడ తెలుగుది కావచ్చు, తమిళం మాట్లాడేది కావచ్చు, ఎక్కడినుంచో ఆ రేవుకి చేరినదీ కావచ్చు. ఆవిడ ఏ భాషలో ఏడ్చిందో ఏ పత్రమూ చెప్పదు. దొరికినంత వరకే చెప్పుకుందాం, మిగతా గడి ఖాళీగా ఉంచుదాం. ఖాళీ గడి సిగ్గుపడాల్సిన విషయం కాదు.

భీమిలి వెళ్ళినవాళ్ళు డచ్చివాళ్ళ సమాధులు చూసే ఉంటారు. పులికాట్‌లో కూడా ఉన్నాయి, ఇంకా పెద్దవి. దొరల పేర్లు, చనిపోయిన తేదీలు రాతిమీద చెక్కి ఉన్నాయి, పురావస్తు శాఖ వాళ్ళు బోర్డులు పెట్టి కాపాడుతున్నారు. ఆ దొరల ఓడల్లో వెళ్ళిన ఆడపిల్లలకి రాయి కూడా లేదు, వాళ్ళ జాడ ఏదైనా మిగిలిందంటే అది ఇక్కడి వంశవృక్షాల్లో ఆ అక్షరం లేని ఒక్క వాక్యంలోనే.

‘ఇదంతా సెంటిమెంటు, ఇంటిపేరు మగవాడి వైపే వస్తుంది, లెక్క సులభంగా ఉండటానికి అలా పెట్టారు’ అని నాతో వాదించే మిత్రులున్నారు. సరే, సెంటిమెంటు పక్కన పెట్టి వైద్యం సంగతి చూద్దాం. ఆఫ్రికానర్లలో పోర్ఫిరియా అనే జబ్బు ఒక రకం ఎక్కువ. ఎండ తగిలితే అరచేతి వెనక చర్మం పొక్కుతుంది, చిన్న దెబ్బకే ఊడి వస్తుంది. అంతవరకైతే ఫరవాలేదు, కానీ కొన్ని మందులు, ముఖ్యంగా బార్బిట్యురేట్ మత్తుమందు ఇస్తే ప్రాణం మీదికి వస్తుంది. మామూలు ఆపరేషన్ కోసం ఆస్పత్రిలో చేరి, ఆ మత్తుమందు వల్ల చనిపోయినవాళ్ళున్నారు. 1950లలో జెఫ్రీ డీన్ అనే డాక్టరు కుటుంబం తర్వాత కుటుంబం వెనక్కి వెతుక్కుంటూ వెళ్ళి, చివరికి 1688లో కేప్‌లో పెళ్ళాడిన ఒక జంట దగ్గర తేలారు: గెరిట్ యాన్స్, ఇంకా రోటర్‌డామ్ అనాథాశ్రమం నుంచి పెళ్ళికూతురుగా ఓడెక్కించిన ఆరియాంచె. ఆ జన్యువు తల్లి నుంచైనా రావచ్చు, తండ్రి నుంచైనా రావచ్చు, బిడ్డకి వచ్చే అవకాశం సగానికి సగం. అది ఇంటిపేరు చూసి రాదు. కూతుళ్ళ గీతలు ఆపేసిన పుస్తకం ఒక్కటే పట్టుకుని ఉంటే ఆ డాక్టరుకి సగం రోగులు దొరికేవాళ్ళు కాదు.

మన ఇళ్ళల్లో షుగరు, గుండెజబ్బులు ఉన్నాయి. డాక్టరు ‘ఫ్యామిలీ హిస్టరీ’ అడిగితే నాన్నవైపు మూడు తరాలు గడగడా చెప్పి, అమ్మమ్మ దేనితో పోయిందంటే ‘పెద్దవయసు కదండీ’ అంటాం.

ఇక నాటాల్ (డర్బన్ వైపు ప్రాంతం) తెలుగువాళ్ళ మాట. నాలాగా ఉద్యోగానికి వచ్చినవాళ్ళ కంటే ఈ ఫారం అసలు వాళ్ళకే ముఖ్యం. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ డర్బన్ చేరింది మొదలు, 1911 దాకా 1,52,184 మంది ఒప్పంద కూలీలు వచ్చారు. మూడింట రెండొంతుల మంది మద్రాసు రేవు నుంచే, వాళ్ళలో విశాఖపట్నం, గంజాం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువాళ్ళు చాలామంది. ఇక్కడికొచ్చాక ఇంటిపేర్లు చాలావరకు పోయాయి. తాతగారి పేరే ఇంటిపేరై కూర్చుంది, అప్పన్న, అప్పలసామి అలా. కాబట్టి ‘ఇంటిపేరు, గోత్రం’ అన్న మొదటి రెండు గడుల దగ్గరే వాళ్ళు ఫారం పక్కన పెట్టేస్తారు. వాళ్ళకి దారి ఇంటిపేరు కాదు, ఓడ జాబితా. అందులో ఒక్కో మనిషికి ఒక్కో నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటిమీద గుర్తులు. బ్రిటిష్‌వాళ్ళ ఉద్దేశం కూలీ పారిపోతే పట్టుకోవడమే, అందులో పుణ్యమేమీ లేదు. కానీ ఆడవాళ్ళు కూడా కూలీలే కాబట్టి వాళ్ళకీ నంబరు ఇచ్చారు, వాళ్ళ తండ్రి పేరు రాశారు, వాళ్ళ ఊరు రాశారు.

అందుకే ‘ఆడవాళ్ళ వివరాలు ఎక్కడ దొరుకుతాయండీ’ అన్న మాట ఇక్కడ చెల్లదు. కాట్రైన్ విషయంలో చెల్లుతుంది, నాటాల్ ముత్తవ్వల విషయంలో చెల్లదు. సావనీర్ కమిటీ వాళ్ళకి నా మనవి ఒక్కటే: ఈ ఫారం వెనక్కి తీసుకోండి. ‘మూలపురుషుడు’ గడి తీసేసి ‘మొదట వచ్చినవాళ్ళు’ అని పెట్టండి, ఎన్ని పేర్లయినా పట్టేలా. గోత్రం ఇష్టముంటేనే రాయమనండి. ప్రతి తరంలో భార్య పేరు, ఆవిడ పుట్టిన ఊరు, నంబరు తెలిస్తే నంబరు. సంక్రాంతి సంచికకి టైం సరిపోదంటే ఉగాది సంచికలో వేద్దాం, ఇన్నాళ్ళు ఆగినవాళ్ళం ఇంకో రెండు మూడు నెలలు ఆగలేమా?