చీటీలోని ప్రశ్నకు టీచర్లు సిద్ధమేనా?

ప్రతి బడిలో ఒక మహిళా టీచర్, ఒక పురుష టీచర్ ఆరోగ్య రాయబారులుగా పనిచేయాలని 2020లో ఆయుష్మాన్ భారత్ కింద మొదలైన పాఠశాల ఆరోగ్య కార్యక్రమం చెబుతోంది. మొత్తం 11 అంశాలు. ఎదుగుదల, స్నేహాలు, ఆడామగా సమానత్వం, పునరుత్పత్తి ఆరోగ్యం, హింస నుంచి రక్షణ, ఇంటర్నెట్ వాడకం, అన్నీ ఉన్నాయి. పాఠానికి లోటు లేదు. లైంగిక విద్య పీరియడ్‌లో తడబడకుండా మాట్లాడే టీచర్లను తయారు చేయడమే తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో జరగాల్సిన పని. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15–19 ఏళ్ల అమ్మాయిల్లో 12.6 శాతం మంది అప్పటికే తల్లులు లేదా గర్భవతులు. దేశ సగటు 6.8 శాతమే.

ఒక్క రోజు స్లైడ్లు చూపించి పంపేస్తే శిక్షణ కాదు. బయాలజీ టీచర్‌కు విషయం తెలుసు, గొంతు పెగలదు. అందుకే నలుగురైదుగురు చొప్పున కూర్చోబెట్టి అవయవాల పేర్లు, నెలసరి, స్వప్నస్ఖలనం, కండోమ్ వంటి మాటలను పైకి పలికించాలి. తర్వాత మాదిరి తరగతి. ఒకరు పిల్లాడిగా లేచి "హస్తప్రయోగం చేస్తే బలం తగ్గిపోతుందా సార్?" అని అడగాలి. ఎదుటివారు నవ్వకూడదు, "నీకెందుకురా ఇవన్నీ" అనకూడదు. "తగ్గదు, దానివల్ల జబ్బులేమీ రావు" అంటే చాలు. తెలియకపోతే కనుక్కుని వచ్చే వారం చెబుతానని, ఆ వారం తప్పకుండా చెప్పాలి. ఈ జవాబు బడిలో దొరక్కపోతే అబ్బాయిలు లాడ్జీ వైద్యుల ప్రకటనలనే నమ్ముతారు.

పిల్లలు పేరు లేకుండా సందేహాలు చీటీల మీద రాసి వేసే ప్రశ్నల పెట్టె చాలాచోట్ల ఒక్క చిన్న పొరపాటుతో ఖాళీగా మిగులుతుంది. ప్రశ్న ఉన్నవాళ్లే రాయమంటే, రాసినవాళ్లు అందరి కంట్లో పడతారు. ఒకే సైజు కాగితాలు పంచి అందరితోనూ రాయించాలి, అడిగేదేమీ లేనివాళ్లు "ప్రశ్న లేదు" అని రాయాలి. చీటీలను అక్కడికక్కడే చదవకూడదు. ఇంటికి తీసుకెళ్లి తరగతిలో చెప్పదగినవి, డాక్టర్‌ను అడగాల్సినవి, ప్రమాదాన్ని సూచించేవి అని విడదీసుకోవాలి. మూడో రకం ఒక్కటి వచ్చినా దస్తూరీ పోల్చి పట్టుకోవాలని చూడొద్దు. ఏ సమయంలో, ఏ గదిలో ఒంటరిగా మాట్లాడవచ్చో మొత్తం తరగతికి చెప్పాలి, పిల్లల సహాయవాణి 1098 నంబరు బోర్డు మీద రాయాలి.

"ఎవరికీ చెప్పను" అని మాత్రం ఎప్పుడూ మాటివ్వకూడదు. బిడ్డపై జరిగిన లైంగిక నేరం గురించి తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలంటోంది, పిల్లలను అలాంటి నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 19వ సెక్షన్. చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు పడవచ్చు. శిక్షణలో ఎక్కువ సమయం దీనికే ఇవ్వాలి, ఎందుకంటే మంచి మనసున్న టీచర్లే ఇక్కడ పొరబడతారు. నిజమో కాదో తేల్చుకుందామని బిడ్డను పదేపదే అడుగుతారు, ఊరి పెద్దల దాకా తీసుకెళ్తారు. అలా చేస్తే బిడ్డ భయంతో మాట మార్చేస్తుంది, కేసు నీరుగారిపోతుంది. బిడ్డ అన్న మాటలు ఉన్నవి ఉన్నట్లు, తేదీ, సమయంతో రాసుకుని ఫిర్యాదు చేయడం వరకే టీచర్ పని. వాంగ్మూలం తీసుకునే పోలీసులు యూనిఫాంలో ఉండకూడదన్న సంగతి ముందే చెబితే బిడ్డకు కొంత ధైర్యం వస్తుంది.

మొదట రెండు రోజులు, తరగతులు నడిపాక మరో రోజు శిక్షణ ఉండాలి. ఆ మూడో రోజే అసలు సందేహాలు బయటపడతాయి. కార్వేటినగరంలోని ఉపాధ్యాయ శిక్షణ సంస్థ (డైట్), పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, రుయా ఆసుపత్రి డాక్టర్లు చేయి కలిపితే శిక్షకులను బయటినుంచి తేనక్కర్లేదు.

తల్లిదండ్రులను పక్కన పెట్టడం ఖరీదైన తప్పు. 2005లో వచ్చిన కౌమార విద్యా కార్యక్రమంలోని బొమ్మల మీద అభ్యంతరాలు లేచాక 2007లో పలు రాష్ట్రాలు దాన్ని ఆపేశాయి. మొదటి తరగతికి ముందే పుస్తకాన్ని వాళ్ల చేతికివ్వాలి. "మా పాపకు ఇప్పుడే ఇవెందుకు మేడమ్?" అన్న తల్లికి జవాబు చెప్పడం కూడా శిక్షణలో సాధన చేయించాలి. కుప్పం, నగరి పల్లెల్లో కూలికి వెళ్లేవాళ్లు పగలు రాలేరు, తల్లిదండ్రుల సమావేశం సాయంత్రం ఆరు దాటాకే పెట్టాలి.