సవరణ: మా అమ్మాయి పాఠాల గురించి రాసిన పోస్టులో రెండు తప్పులు

అమెరికాలో కాథలిక్ బడిలో ఏడో తరగతి చదువుతున్న మా అమ్మాయి ఇంగ్లిష్, రెలిజియన్ క్లాసుల గురించి మొన్న రాశాను. అందులో రెండు తప్పులు దొర్లాయి.

‘ఇమ్మాక్యులేట్ కన్సెప్షన్ అంటే ఏసు తండ్రి లేకుండా పుట్టడం’ అన్నాను. కాదు. ఏసు తల్లి మరియమ్మకి, తన తల్లి అన్నమ్మ కడుపులో పడ్డ క్షణం నుంచే జన్మపాపం (మనుషులందరికీ పుట్టుకతోనే వస్తుందని చెప్పే పాపం) అంటలేదనే నమ్మకం అది. మన కాథలిక్కులు ఆమెను అమలోద్భవి మాత అనేది ఇందుకే. 1854లో పోప్ తొమ్మిదో పయస్ దీన్ని అధికారిక సిద్ధాంతంగా ప్రకటించారు. తేదీలు చూసినా తెలిసిపోతుంది: ఈ పండుగ డిసెంబరు 8న, మరియమ్మ పుట్టినరోజు సెప్టెంబరు 8న. సరిగ్గా తొమ్మిది నెలలు! ఏసు గర్భంలో పడ్డ పండుగ మార్చి 25న, క్రిస్మస్‌కి తొమ్మిది నెలల ముందు. ఇంత తేలిక లెక్క నాకు తట్టకపోవడం సిగ్గే.

రెండోది ఇంగ్లిష్ క్లాసుది. బైబిల్లో ఏసు ‘నేను నిజమైన ద్రాక్షావల్లిని’ (యోహాను 15) అన్న మాటను సిమిలీ అని రాశాను. అది మెటఫర్, మన రూపకాలంకారం. పరలోకరాజ్యం ఆవగింజను పోలి ఉందనడం (మత్తయి 13) సిమిలీ, అంటే ఉపమ. ‘పోలి’ లాంటి పోలిక మాట ఉందా లేదా చూస్తే చాలట. మా అమ్మాయే పట్టుకుంది, కాస్త గర్వంగానే. పాత పోస్టులో రెండూ సరిచేశాను.