సీరియస్ అంటే సీరియస్సేనా?

రాత్రి ఎనిమిదింటికి కావలి నుంచి ఫోను. "నాయనకు కొంచెం సీరియస్‌గా ఉంది, బయల్దేరి రా." హైదరాబాదులో ఉన్న మా చిన్నాన్న కొడుకు పాత స్కాన్ రిపోర్టులన్నీ ఫైల్లో సర్దుకున్నాడు. ఆపరేషనంటారేమోనని స్నేహితుడి దగ్గర యాభై వేలు చేబదులు తీసుకున్నాడు. సింహపురి ఎక్స్‌ప్రెస్‌లో కూర్చుని, నెల్లూరులో బెడ్డు కోసం తెల్లవార్లూ ఫోన్లు చేశాడు. పొద్దున్నే వీధి మొదట్లో ఆటో దిగేసరికి షామియానా, దాని కింద ప్లాస్టిక్ కుర్చీలు. ఫైలు ఇంకా చంకలోనే ఉంది. చిన్నాన్న చనిపోయింది ముందురోజు సాయంత్రం ఆరింటికే. ఊరందరికీ తెలుసు, కొడుక్కి తప్ప.

"ఆ మాటేదో చెప్పుంటే రాత్రంతా ఏడ్చుకుంటూనన్నా వచ్చేవాణ్ని గదన్నా" అన్నాడు నాతో.

ఒకప్పుడు "ఫాదర్ సీరియస్, స్టార్ట్ ఇమీడియట్లీ" అని టెలిగ్రామ్ వచ్చేది. 2013 జులైలో ఆ సర్వీసు మూతపడింది, వాక్యం మాత్రం ఫోన్లోకి చేరింది. ఒంటరిగా వచ్చేవాడు దారిలో ఏమైపోతాడోనన్న భయం నాకూ తెలుసు. కారు నడుపుకుంటూ వచ్చేవాడికైతే నేనూ దాస్తాను. కానీ చాలాసార్లు ఊరట దక్కేది చెప్పేవాడికే. ఆ మాట నోటితో అనే పని తప్పుతుంది. పైగా మాట అరిగిపోయింది. ఆ మధ్య బంధువుల్లో ఒకావిడకు నిజంగానే సీరియస్ అయింది. ఒంగోలు నుంచి వచ్చిన పెద్దమనిషి తాను తెచ్చిన పూలదండను ఆటోలోనే వదిలేసి లోపలికొచ్చాడు. ఆవిడ మంచం మీద కూర్చుని కాఫీ తాగుతోంది.

మా వైపు ఇంకో చిక్కు. వెళ్లడానికీ చావడానికీ ఒకటే మాట. "మామ పొయినాడా?" అంటే బస్టాండుకా, బోడిగాడితోటకా అన్నది గొంతును బట్టి పట్టుకోవాలి. అది పేరుకే తోట, నిజానికి పెన్నా ఒడ్డున నెల్లూరు శ్మశానం. అందుకే గడప దాటేవాళ్లు "పొయ్యొస్తా" అంటారు. బియ్యం అయిపోతే "నిండుకున్నాయి", దీపం ఆరితే "కొండెక్కింది". పెద్దవాళ్లకు ఇవన్నీ అలవాటే. ఆరేళ్ల పిల్లకు మాత్రం "తాతయ్య దేవుడి దగ్గరికి వెళ్లాడు" అంటే ఎప్పుడొస్తాడని అడుగుతుంది. "నిద్రపోయాడు" అంటే ఆ రాత్రి కళ్లు మూయడానికి భయపడుతుంది.

ప్రకాశం జిల్లాలో క్రైస్తవుల ఇళ్లల్లో "ప్రభువునందు నిద్రించారు" అంటారు. 1878లో వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న నేల ఇది, బైబిలు నుడికారం ఇళ్లల్లోకి ఇంకిపోయింది. అదే బైబిల్లో, యోహాను సువార్త 11వ అధ్యాయంలో, లాజరు నిద్రిస్తున్నాడని యేసు అంటాడు. నిద్రపోతే బాగుపడతాడులే అనుకుంటారు శిష్యులు. చివరికి ఆయనే, లాజరు చనిపోయాడని విప్పి చెప్పాల్సివచ్చింది.

కాలం చేశారు, పరమపదించారు, శివైక్యం చెందారు. కర్మంతరం కార్డు మీద, ఫ్లెక్సీల మీద ఎంత అందంగానైనా రాసుకోవచ్చు, అప్పటికి సంగతి అందరికీ తెలుసు. మొదటిసారి చెప్పేటప్పుడే చిక్కంతా. ఆసుపత్రి వరండాలో "ఇక ఇంటికి తీసుకెళ్లండి" అని డాక్టరు అంటే, నయమైందని సంబరపడి ఆటో మాట్లాడుకున్నవాళ్లు ఉన్నారు.

మావాడు ఇప్పుడు ఊరి నుంచి వేళకాని వేళ ఫోనొస్తే ముందే అడుగుతాడు: "ఉన్నారా, చనిపోయారా?"

"ఛీ, పొద్దుగూకేళ నోట్లోంచి ఆ మాటేందిరా" అని కసురుకుంటుంది పిన్నమ్మ.